అద్దె లేని ఇల్లు

పాతబడిన పేదరికం చూడటం నాకిష్టం. ఇప్పటి పేదరికం కనబడితే తల తిప్పుకుంటాను. సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టే మనిషిని చూడకుండా ఫోన్లోకి తలదూర్చేదీ నేనే, నూటడెబ్బై ఏళ్ళనాటి మట్టిగోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని మీది పలుగు దెబ్బల్ని ఫొటో తీసుకునేదీ నేనే. ఈ గుణం నాలో ఉందని తెలిసి చాలాకాలమైంది. ఎందుకుందో ఆలోచించే పని మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. దక్షిణ ఆస్ట్రేలియాలో బర్రా అనే ఊళ్ళో, వాగు గట్టుని తొలిచి చేసుకున్న ఇళ్ళ దగ్గర ఆ వాయిదా ఇక చెల్లలేదు.

బర్రా మేముండే అడిలైడ్‌కి ఉత్తరంగా సుమారు 160 కిలోమీటర్లు. గోధుమ చేలు, గొర్రెల బీళ్ళు, చెట్టు లేని బోడి గుట్టలు దాటుకుంటూ వెళ్తే వస్తుంది. ఇప్పుడది చిన్న ఊరు. 1851లో అక్కడ నాలుగు వేలమందికి పైగా ఉండేవారు. సముద్రపు ఒడ్డు వదిలి లోపలికి వస్తే ఆస్ట్రేలియాలో అప్పటికి అదే పెద్ద ఊరు. అంతమందిని పోగుచేసింది రాగి. 1845లో గొర్రెల కాపరుల కంట రాగిరాయి పడింది. ప్రభుత్వం 20,000 ఎకరాలు ఒకే చెక్కగా, 20,000 పౌన్లు రొక్కం కట్టినవాళ్ళకే ఇస్తానంది. అడిలైడ్‌లోని పెద్దింటి దొరలది ఒక జట్టు, అంగళ్ళవాళ్ళూ చిన్న వ్యాపారులదీ ఇంకో జట్టు. ఏ జట్టు దగ్గరా ఒంటిగా అంత డబ్బు లేదు. ఒకరంటే ఒకరికి పడకపోయినా చెరిసగం వేసుకుని కొన్నారు, వెంటనే చీట్లు వేసుకుని నేలను పంచుకున్నారు. ఉత్తరపు సగం అంగళ్ళవాళ్ళకి వచ్చింది. రాగంతా అటే ఉంది. దొరల వాటాలో తవ్విన గని కొన్నేళ్ళకే మూతపడింది.

ఈ కథ ఎవరికి చెప్పినా నా గొంతులో ఒక హుషారు వస్తుంది. మా నాన్నది వినుకొండలో చిల్లర కొట్టు. దొరల మీద కొట్టువాడు గెలిచిన కథ ఏ దేశానిదైనా నాకు సొంత కథే. ఆ గెలిచిన కొట్టువాళ్ళ కంపెనీ గనిలో పనిచేసినవాళ్ళే వాగు గట్టుల్లో బతికారన్న సంగతి నాకు ముందే తెలుసు. అయినా కథ చెప్పేటప్పుడు ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాణ్ణి.

కంపెనీ పేరు సౌత్ ఆస్ట్రేలియన్ మైనింగ్ అసోసియేషన్. గని పక్కన కూరింగా అని సొంత ఊరు ఒకటి వేసింది. నేల కంపెనీదే, అందులో ఉండాలంటే అద్దె కట్టాలి. గని మొదలైన ఏడాదీ రెండేళ్ళలోనే వందల కుటుంబాలు దిగాయి. ఇళ్ళు చాలలేదు, కలప దొరికేది తక్కువ, ఉన్నదంతా గనికీ కొలిమికీ పోయేది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్ళు. భూమిని తవ్వడం వాళ్ళకి తాతల నాటి విద్య. ఊరి మధ్యగా పోయే బర్రా వాగుకి రెండువైపులా ఎత్తైన మెత్తటి గట్లు కనబడ్డాయి. పలుగు, పార పట్టి అందులోకి ఒక గది, వీలైతే రెండు, మూడు గదులు తొలుచుకున్నారు. సున్నం కొట్టుకున్నారు. పొగ పోవడానికి పైకంటా రంధ్రం వేసి, నేల మీద దాని మూతికి అడుగు ఊడిన పీపా ఒకటి బోర్లించారు. గట్టు పైన నడిచేవాళ్ళకి ఇళ్ళు కనబడేవి కావు, నేలలోంచి పొగ మాత్రం లేచేది. 1851 జనాభా లెక్కల నాటికి అలాంటి బొరియల్లో సుమారు 1800 మంది ఉన్నారు. ఊళ్ళో పది మందిలో నలుగురన్నమాట.

వాటిలో ఇప్పుడు మిగిలినవి రెండే. బ్లైత్ వీధిలో ఉన్నాయి. బర్రాలో ఒక పద్ధతుంది: రుసుము కడితే ఊరి చరిత్ర స్థలాలన్నిటికీ పనికొచ్చే తాళంచెవి ఒకటి మన చేతికే ఇస్తారు. పాత జైలు, బీరుబట్టీ నేలమాళిగ, ఈ బొరియలు, అన్నీ మనమే తాళం తీసుకుని చూసి, మళ్ళీ వేసి వెళ్ళిపోవచ్చు. వెంట గైడు ఉండడు, ఎవరూ తొందరపెట్టరు. ఈ నమ్మకం నాకు ముచ్చటేసింది. ఎవరిదో ఇంటి తాళం నా జేబులో ఉండటం కొంచెం ఇబ్బందిగానూ అనిపించింది. అయితే ఆ ఇబ్బంది సంగతి పైకి చెప్పలేదు.

మా అమ్మ ఆ రోజు మాతో ఉంది. మా పిల్లవాణ్ణి చూసుకోవడానికి సందర్శక వీసా మీద వచ్చింది. ఆమెను తీసుకెళ్ళడంలో నా ఉద్దేశం చూపించడమే తప్ప అడగడం కాదు. తలుపు తీసి లోపలికి వంగి, కార్న్‌వాల్ గురించీ రాగి గురించీ నేను చదివినదంతా మొదలుపెట్టాను. ఉండవల్లి గుహలు, గుంటుపల్లి గుహలు చూసిన మనిషి కాబట్టి పోలిక కూడా తెచ్చాను. మనవాళ్ళు సంసారం వదిలినవాళ్ళ కోసం కొండ తొలిచారు, వీళ్ళు సంసారం పెట్టుకోవడానికి గట్టు తొలిచారు అన్నాను. ఈ వాక్యం దారిలో కారు నడుపుతూ తయారుచేసుకున్నదే. అమ్మ దానికి ఊఁ కూడా కొట్టలేదు.

"పొయ్యి ఎక్కడరా?" అంది. చెప్పాను. "బిందె ఎక్కడ పెట్టుకునేవాళ్ళు?" నాకు తెలియదు. "వాన పడితే నీళ్ళు లోపలికి రావూ?" వచ్చాయమ్మా, 1851లో వాగు ఒకసారి కాదు, పలుమార్లు పొంగి చాలా ఇళ్ళు కొట్టుకుపోయాయి అన్నాను. ఆమె బయటికి వచ్చి, వాగు వైపూ గుమ్మం వైపూ మార్చి మార్చి చూసింది. ఆ రెంటి మధ్య దూరాన్ని కంటితో కొలిచింది. ఆ తరవాత అడిగింది: "వీళ్ళ ఆడవాళ్ళు ఒప్పుకునే వచ్చారంటావా?"

చరిత్ర పుస్తకాల్లో దీనికి జవాబు నాకు దొరకలేదు. మగవాళ్ళ లెక్క మాత్రం దొరికింది, ఆ లెక్క నాకు బాగా అర్థమయ్యేది కూడా. కార్న్‌వాల్ గనుల్లో కూలి రెండు రకాలు. ఒకటి, సొరంగం ఎంత లోతు తవ్వితే అంత డబ్బు. రెండోది వాటా పద్ధతి: గనిలో ఒక చోటును చూసి, అక్కడ తీసిన రాగిరాయి విలువలో పౌనుకి ఇన్ని షిల్లింగులని జట్టుగా వేలం పాడుకుంటారు. రెండు నెలలకొక కాంట్రాక్టు. కొవ్వొత్తులు, మందుగుండు, పనిముట్ల ఖర్చు ఆ సంపాదనలోంచే కోసుకుంటారు. పాడిన చోట మంచి రాయి తగిలితే పండగ, తగలకపోతే అప్పు. రాయిలో రాగి పాలు ఎంతో తేల్చేది కంపెనీ మనిషే. ఆ లెక్కలో మోసం జరుగుతోందని 1848లో బర్రాలో పెద్ద సమ్మె చేశారు. రెండు నెలల తరవాత పని ఉంటుందో ఉండదో తెలియని మనిషి కంపెనీ ఇంటికి అద్దె ఎందుకు కడతాడు? వాగు గట్టుకి అద్దె లేదు. తవ్వే చేతులు సొంతానివే. వేసవిలో ఎండ నలభై దాటే చోట మట్టి లోపల చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది. వాళ్ళు అమాయకులు కారు. చేతకాక బొరియల్లో పడ్డవాళ్ళూ కారు. వచ్చినదాన్ని మిగుల్చుకోవాలనుకున్నారు.

ఈ లెక్క నేనూ వేశాను కాబట్టే తేలిగ్గా అర్థమైంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో, ఆర్నెల్ల కాంట్రాక్టులు చేస్తూ, ఇద్దరు ఉండాల్సిన యూనిట్‌లో ఆరుగురం ఉన్నాం. పరుపులు పగలు గోడకి నిలబెట్టేవాళ్ళం. మధ్యలో ఏజెన్సీ కోత పోగా చేతికొచ్చినదాంట్లో సగం ఇంటికి పంపేవాణ్ణి. దాన్ని మేమెవరమూ పేదరికం అనుకోలేదు. మిగులు అనుకున్నాం. నిజాంపేటలో ఫ్లాటు ఆ మిగులుతోనే వచ్చింది, ఇప్పుడు అందులో మాకు తెలియని కుటుంబం ఒకటి అద్దెకుంటోంది. పార్టీల్లో ఆ రోజుల గురించి నేను చెప్పే కథలు చాలా బాగుంటాయి. ఆరుగురికీ ఒకే కుక్కర్, కుక్కర్ కూతకి పక్కింటావిడ పోలీసుల్ని పిలవబోయిన వైనం, అన్నీ నవ్విస్తాయి. ఈ కథలన్నీ పెళ్ళికి ముందువే. పెళ్ళయి మా ఆవిడ వచ్చాక కూడా అదే లెక్క ఇంకొన్నేళ్ళు సాగింది. ఆ సంవత్సరాల గురించి నా దగ్గర ఒక్క నవ్వులాట కథ కూడా లేదు. బర్రాలో అమ్మ ప్రశ్న విన్నాకే దీన్ని గమనించాను.

ఒంటరిగా కష్టపడితే దాన్ని కష్టం అనొచ్చు. పెళ్ళాం పిల్లల్ని కూర్చోబెట్టి మిగులు లెక్క వేస్తే ఆ కష్టం ఎవరిదో వేరే చూడాలి. బర్రా వాగు సంగతే చూడండి. మగవాళ్ళు పొద్దున్నే గనిలోకి పోయేవారు, వాళ్ళ రోజంతా గని కిందే గడిచేది. ఇరవై నాలుగు గంటలూ ఆ బొరియలో, ఆ వాగు పక్కన ఉన్నది ఆడవాళ్ళూ పిల్లలూ. 1800 మంది ఉమ్మీ, చెత్తా, పశువుల పేడా, గని వదిలిన మురుగూ అన్నీ చేరింది ఆ వాగులోకే. చాలామంది ముంచుకున్నదీ ఆ నీళ్ళే. టైఫాయిడ్ లాంటి జ్వరాలు గట్టు పొడుగునా పాకాయి. ఎక్కువగా పోయింది పిల్లలు. మగవాడి లెక్కలో మిగిలిన అద్దె షిల్లింగుల్లో కనబడుతుంది. చెల్లించిన మనిషి మాత్రం ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. ఇది నేను వాళ్ళ మీద చెప్పే తీర్పు కాదు. అలా చెప్పే అర్హత నాకు లేదు. మా అబ్బాయికి ఏళ్ళ తరబడి ఆస్తమా ఉంది. మేమున్న మొదటి యూనిట్ స్నానాలగదిలో నల్లటి బూజు ఉండేది. ఆ రెంటికీ సంబంధం ఉందని ఏ డాక్టరూ నాతో అనలేదు. ఉందా అని నేనూ ఎవరినీ అడగలేదు. ఇంకో చోటికి మారితే వారానికి ఎనభై డాలర్లు ఎక్కువయ్యేది.

పర్మినెంట్ రెసిడెన్సీకి పెట్టేముందు మా ఆవిణ్ణి అడిగానా అంటే, అడిగాననే చెబుతాను. కంప్యూటర్లో పట్టిక వేసి చూపించాను. అక్కడ ఉంటే ఎంత, ఇక్కడ ఉంటే ఎంత, పదేళ్ళకి ఎంత. ఆవిడ చూసి "నీ ఇష్టం" అంది. ఆ రెండు మాటల్ని ఒప్పుకోలు కిందే రాసుకున్నాను. ఇంట్లో ఆడవాళ్ళు "నీ ఇష్టం" అన్నప్పుడు దానర్థం ఏమిటో తెలియని తెలుగు మగవాడు ఎక్కడా ఉండడు. తెలిసే, తెలియనట్టు ముందుకు పోవడం కూడా మనకి వచ్చిన విద్యే.

అమ్మని అడగలేదు. ఆమెకు టికెట్ పంపాను. మేమిద్దరం పనికి పోతే, నిద్రపోయే పిల్లవాడూ, దించిన కర్టెన్లూ, తలుపు తీస్తే మనిషి కనబడని వీధీ ఆమెకు మిగిలేవి. పొద్దున పదికోసారీ సాయంత్రం నాలుక్కోసారీ చెత్తడబ్బా బయట పెట్టే నెపంతో వీధిలోకి వచ్చి నిలబడేదని మా ఎదురింటాయన తరవాత చెప్పాడు. బర్రాలో ఆ గుమ్మం ముందు నిలబడి వాగు వైపు చూసినప్పుడు ఆమె చూసింది 1851ని కాదేమోనని నాకిప్పుడు అనుమానం. అడిగితే చెప్పేదేమో. ఆ రోజు నేను ఫొటోలు తీస్తున్నాను.

మనవాళ్ళని చూస్తే కార్న్‌వాల్ వాళ్ళు గుర్తొస్తారు, వాళ్ళని చూస్తే మనవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళని లోకం 'కజిన్ జాక్' అని ఎకసెక్కంగా పిలిచేది. ఎక్కడ గనిలో ఖాళీ ఉన్నా, మా జాక్ అని ఇంటి దగ్గర ఒక బావమరిదో పినతండ్రి కొడుకో ఉన్నాడనేవారట. అడిలైడ్ శివార్లలో ఒక వీధిలో ఒక తెలుగు కుటుంబం ఇల్లు కొన్నాక ఏడాది తిరిగేసరికి నాలుగు ఎందుకవుతాయో నాకు చెప్పక్కర్లేదు. ఇద్దరి రాకా కూడా ఇంచుమించు ఒకే దారి. దక్షిణ ఆస్ట్రేలియా నేరస్థుల్ని తెచ్చి పడేయడానికి పెట్టిన వలస కాదు. 1836లో మొదలైన ఈ రాజ్యం పథకం వేరు: నేల అమ్మి, ఆ సొమ్ముతో పనివాళ్ళకి ఓడ ఖర్చు పెట్టి రప్పించడం. నాకు ఓడ ఖర్చు ఎవరూ ఇవ్వలేదు గాని, రాష్ట్ర నామినేషన్ ఇచ్చారు. పద్నాలుగు లక్షల మంది ఉన్న అడిలైడ్ వీసా లెక్కల్లో ఇప్పటికీ మారుమూల ప్రాంతమే, వచ్చి నిలబడే మనుషులు కావాలి, అందుకు అదనపు పాయింట్లు. మధ్యలో ఇంకో కాలం నడిచింది. 1901 చట్టం ప్రకారం, ఇష్టం లేని రంగువాడు ఓడ దిగితే ఏదో ఒక యూరప్ భాషలో యాభై పదాల డిక్టేషన్ ఇచ్చి, తప్పగానే వెనక్కి పంపేవారు. ఆ పరీక్షని 1958లో తీసేశారు, తెల్లవాళ్ళకే చోటన్న విధానపు ఆఖరి ఆనవాళ్ళు 1973 దాకా ఉన్నాయి. ఆ కాలంలో వచ్చి ఉంటే నా మొహానికి గట్టు కూడా దొరికేది కాదు. ఈ మాట నేను తరచూ వాడతాను. ఎందుకు వాడతానో కూడా తెలుసు. నేను కూడా బాధితుణ్ణే అనిపించుకుంటే, ఆ తరవాత వచ్చే ప్రశ్న నా దాకా రాదు.

తరవాతి ప్రశ్న నేల గురించి. బర్రా చుట్టుపక్కల నేల న్గాడ్జురీ ప్రజలది. ఆ 20,000 ఎకరాల బేరంలో, చీట్ల పంపకంలో వాళ్ళ పేరు ఎక్కడా లేదు. 1836లో బ్రిటిష్ రాజు ఇచ్చిన పత్రంలోనే, అక్కడి ఆదివాసులు తాము అనుభవిస్తున్న నేలల్ని అనుభవించే హక్కుకి భంగం రాకూడదని రాసి ఉంది. రాసిన కాగితం భద్రంగా ఉంది, నేల చేతులు మారిపోయింది. ముందు గొర్రెల మందలు నీటి చెలమల్ని పట్టుకున్నాయి, వెంట రోగాలు వచ్చాయి, ఆపైన రాగి. అందరూ మురికి చేసి బతికిన ఆ వాగు న్గాడ్జురీలకు ఏమై ఉండేదో నేను ఊహించగలను, కాని ఊహించి అందంగా రాయడం నాకు నచ్చదు. మా ఆఫీసులో ప్రతి పెద్ద మీటింగూ ఈ నేల అసలు హక్కుదారుల్ని స్మరించుకోవడంతో మొదలవుతుంది. ఆ అర నిమిషమూ నేను మైకు మ్యూట్‌లో పెట్టుకుని మెయిల్స్ చూసుకుంటాను. తెల్లవాళ్ళు చేసినదానికి తెల్లవాళ్ళు చెప్పుకునే సంజాయిషీ, మధ్యలో నాకేం పని అనుకునేవాణ్ణి. బ్యాంకు అప్పు మీద నేను కొన్న 450 చదరపు మీటర్ల నేల పత్రాన్ని వెనక్కి వెనక్కి తిప్పుకుంటూ పోతే అదీ అక్కడికే చేరుతుంది. వినుకొండలో గజం నేల కోసం మా పెదనాన్నతో మాటలు మానేసిన కుటుంబం మాది. నేలంటే ఏమిటో నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు.

ఆ రాత్రి మేము బర్రాలోనే ఉన్నాం, ప్యాక్స్‌టన్ స్క్వేర్‌లో. వాగు గట్టుల్లోని పనివాళ్ళని అక్కణ్ణించి లేపి ఇళ్ళలో పెట్టాలని 1849, 1852 మధ్య కంపెనీ కట్టించిన 33 రాతి ఇళ్ళ వరుస అది. ఒక డైరెక్టర్ పేరే పెట్టుకున్నారు. వాటికీ అద్దె ఉండేది. ఇప్పుడు వాటిని యాత్రికులకి రోజు లెక్కన ఇస్తున్నారు. ఇన్నాళ్ళకి ఆ అద్దె నేను కట్టాను. పడక మెత్తగా ఉంది, హీటర్ ఉంది. పిల్లవాడు నిద్రపోయాక, నాకు పాత పేదరికం ఎందుకు ఇష్టమో ఆ గదిలో కూర్చుని ఆలోచించాను. అది నన్ను ఏమీ అడగదు. అద్దం తట్టదు. పైగా నాకు ఒక ఉపకారం కూడా చేస్తుంది. వాళ్ళ బొరియను నేను వీరగాథ అంటే, నా ఆరు పరుపుల యూనిట్ కూడా ఆ గాథలో ఒక అధ్యాయం అవుతుంది. వాళ్ళని పొగిడే నోటితో నన్ను నేను పొగుడుకుంటున్నాను. కష్టపడి పైకొచ్చాం అనే మాటకి రాళ్ళలో సాక్ష్యం వెతుక్కుంటూ మూడు వందల కిలోమీటర్లు రానూపోనూ కారు నడిపాను.

కంపెనీకి అడిలైడ్‌లో కూర్చుని లెక్కలు చూసిన కార్యదర్శి హెన్రీ అయర్స్. వాగు పొంగిన ఏడాదీ ఆయనే కార్యదర్శి. తరవాత పలుమార్లు ఈ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. నగరంలో నార్త్ టెర్రస్ మీద ఆయన ఇల్లు ఇప్పటికీ చూడదగ్గ మేడ. 1873లో ఎడారి నడుమ ఆదివాసుల పవిత్ర శిల ఉలూరుకి ఆయన పేరే పెట్టారు. గట్టుల్లో ఉన్న 1800 మందిలో ఒక్కరి పేరు నాకు తెలియదు. అయర్స్ పేరు మా అబ్బాయికి కూడా తెలుసు, క్విజ్‌లో వచ్చింది.

భూమిలో ఇళ్ళంటే అందరూ ముందు చెప్పేది కూబర్ పీడీ. అడిలైడ్ నుంచి దాదాపు 850 కిలోమీటర్లు, 1915లో ఒక కుర్రవాడికి ఓపల్ రాయి దొరకడంతో పుట్టిన ఊరు. అక్కడికీ వెళ్ళాం. అక్కడ నేల కింద చర్చిలు ఉన్నాయి, హోటళ్ళు ఉన్నాయి, జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు. చూడాల్సిన చోటే. కాని నన్ను నిలబెట్టింది ఒక్కటే: ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఏళ్ళ తరబడి పలుగూ పారతో తవ్వి పెంచుకున్న ఇల్లు. ఫే నేలర్ అనే ఆమె పేరు మీద అది ఇప్పుడు అందరికీ చూపిస్తున్నారు. ఎవరి వెంటా రాకుండా, తమకి కావాలని తవ్వుకున్న ఇల్లు అది. ఆ గదుల్లో వెడల్పు ఉంది, అలమర్లకి చోటు వదిలి తవ్వారు. అప్పటికి అమ్మ ఇండియా వెళ్ళిపోయింది. ఆమె ఉంటే బిందె ఎక్కడ అని అడిగి ఉండేది కాదనుకుంటాను.

బర్రా వాళ్ళ మీద ఆఖరుగా చెప్పాల్సింది ఒకటుంది. మనం వాళ్ళని స్థిరపడ్డవాళ్ళు అంటాం. వాళ్ళు స్థిరపడలేదు. 1851లో వరదలు వచ్చాయి, ఆ ఏడాదే పక్క రాజ్యం విక్టోరియాలో బంగారం దొరికిందని కబురు వచ్చింది. గట్లు వదిలి మూటాముల్లె సర్దుకుని వందల మంది అటు పోయారు. కొందరు తిరిగి వచ్చారు, 1860ల్లో మూంటాలో రాగి పడితే అక్కడికి పోయారు. 1877లో బర్రా గని మూతపడింది. అంతా కలిపితే ముప్ఫై రెండేళ్ళు. ఎక్కడ మిగులు ఎక్కువుంటే అక్కడికి పోయే మనుషులు. నేనూ అంతే, ఇంకో నగరంలో ఇంకో కాంట్రాక్టు గురించి నాతో ఒకరు ఇప్పుడు మాట్లాడుతున్నారు. జీతం ఎక్కువే. ఈసారి పట్టిక వెయ్యలేదు. మా ఆవిణ్ణీ, పదేళ్ళు నిండిన అబ్బాయినీ కూర్చోబెట్టి అడిగాను. ఆవిడ వద్దంది. 'నీ ఇష్టం' అనలేదు, వద్దు అనే అంది. వాడు ఆలోచించి చెప్తానన్నాడు. ఆవిడ మాట ఒప్పుకోవాలని నాకు లేదు, ఆ జీతం ఇంకా కళ్ళముందే తిరుగుతోంది. ఫోన్ చేసి కాదని చెప్పడానికి ఇంకో నాలుగు రోజులు గడువుంది.

అడిలైడ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. పిల్లల్ని చూసుకోవడానికి మీ అమ్మో, అత్తగారో వస్తే, బీచీ గుడీ అయ్యాక బర్రాకి కూడా తీసుకెళ్ళండి. తాళంచెవి ఆమె చేతికే ఇవ్వండి. మీరు చదివి వెళ్ళిన చరిత్ర చెప్పకుండా కాసేపు ఊరుకోండి, ఆమె ఏం అడుగుతుందో వినండి.